డబ్ల్యూ నలభై ఆరు

ఆ సైకిలు ఎవరు చేశారో కనుక్కోడానికి నేను ఏడాదికి పైగా దేశాలు గాలించాను. కాళ్ళతో కాదు, కూర్మన్నపాలెం జంక్షన్లో ఒక ఇంటర్నెట్ సెంటర్ కుర్చీలో కూర్చుని. ఆ సైకిలు చేసినవాడు అక్కడికి నాలుగు సందుల అవతల, మా అక్క ఇంట్లో, ప్రతి ఆదివారం నా ఎదురుగా కూర్చుని టీ తాగుతూ నేను చెప్పేదంతా వినేవాడు. అతను మా బావ. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే కథ మధ్యలో ఎక్కడో నన్ను నేను కాస్త మంచివాడిగా చూపించుకుంటాను. ఆ అలవాటు నాకు చిన్నప్పట్నుంచీ ఉంది.

తొంభైల మొదట్లో మేం స్టీల్ ప్లాంటు క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నాన్నది పర్మనెంటు ఉద్యోగం. మా సెక్టార్లో మనుషుల్ని కొలిచే కొలత అదొక్కటే, పర్మనెంటా, కాంట్రాక్టా అని. బావ కాంట్రాక్టు. ఆనందపురం అవతల ఒక పల్లెలో వ్యవసాయం చేసుకునేవాళ్ళింట్లో పుట్టి, ఐటీఐ చదివి, ప్లాంటులో పైపులైన్లు వేసే కాంట్రాక్టరు దగ్గర ఆర్గాన్ వెల్డరుగా చేరాడు. అమ్మకి దూరపు చుట్టం, చేతిలో పనుంది, తాగుడు లేదు అని అక్కనిచ్చి చేశారు. మా వైపు బావా బావమరుదులు ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. పన్నెండేళ్ళ నన్ను కూడా అతను బావా అనేవాడు, నాతో సమానమైన వయసువాడిలా.

అతని చొక్కాల నిండా నిప్పురవ్వలు పడి చిల్లులు. మా క్వార్టరుకి వచ్చేటప్పుడు మాత్రం చిల్లుల్లేని చొక్కా వేసుకొచ్చేవాడు. అలాంటిది అతనికి ఒక్కటే ఉండేది. ఇస్త్రీ చేసిన ఆ నీలం చొక్కాని నేను యూనిఫారం అని వెక్కిరించేవాణ్ణి. అతను కూడా నవ్వేవాడు.

ఆ ఏడాది ఆఫీసర్ల సెక్టార్లో ఒక కుర్రాడికి వాళ్ళ మావయ్య ఫారిన్ నుంచి బీఎమ్మెక్స్ సైకిలు తెచ్చాడు. చిన్న చక్రాలు, లావు టైర్లు, వెడల్పాటి హ్యాండిలు, దాని మధ్య అడ్డకడ్డీ. వాడు దాని మీద గట్టెక్కి గాల్లోకి లేచి కిందపడకుండా దిగడం చూసినరోజు నాకు అన్నం సయించలేదు. నాన్న ఇక్కడి కంపెనీది కొనిస్తానన్నాడు. ఫారిన్‌దైతేనే కావాలి, లేకపోతే అసలొద్దని పంతం పట్టాను. అప్పుడు బావ మా ముందు గదిలోనే ఉన్నాడు.

“ఫారిన్‌దే కావాలేటి బావా? ఇక్కడ సేసిందైతే తొక్కవా?” అని అడిగాడు.

తొక్కనన్నాను. ఇక్కడివాళ్ళు చేసినవి గట్టు దూకితే విరిగిపోతాయని కూడా అన్నాను. అతను తలూపాడు.

తర్వాత మూడు నెలలు అతను ఆదివారాలు మా ఇంటికి రాలేదు. ఎప్పుడైనా సోమవారం వస్తే కళ్ళు ఎర్రగా వాచి ఉండేవి. కళ్ళకలకేమో, నాకంటుకుంటుందేమో అని నేను అతని పక్కన కూర్చునేవాణ్ణి కాదు. అతను ముఖం తుడుచుకున్న తువ్వాలు ముట్టుకునేవాణ్ణి కాదు. అమ్మ బంగాళాదుంప చక్రాల్లా కోసిస్తే రెండు కళ్ళ మీదా పెట్టుకుని చాప మీద పడుకునేవాడు. వెల్డింగు వెలుగు తగిలితే కళ్ళలో ఇసక పోసినట్టుంటుందనీ, అది అంటుకునే జబ్బు కాదనీ నాకప్పుడు తెలీదు. అడిగితే చెప్పేవాళ్ళే. నేను అడగలేదు.

మూడు నెలలయ్యాక ఒక ఆదివారం ఆటో టాపు మీద తాళ్ళతో కట్టి సైకిలు తెచ్చాడు. ఎర్ర రంగు. ఎక్కడా పేరు లేదు.

“వన్ టౌన్ల షిప్పోళ్ళు అమ్ముతంటే కొన్నాను బావా. పేరు సెరిగిపోనాదని మల్లీ రంగేయించినాను,” అన్నాడు.

ఆ రోజుల్లో ఓడల మీంచి దిగిన సామాను వన్ టౌన్ సందుల్లో దొరికేది. జీన్సు ప్యాంట్లు, టేపు రికార్డర్లు, బూట్లు అన్నీ అక్కడే. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రిమ్ముల మీద ఇక్కడి కంపెనీ పేరుందేమిటి అని నాన్న అడిగాడు. ఫారిన్ రిమ్ములు తుప్పుపట్టిపోతే మార్పించానన్నాడు. సీటు కూడా మార్పించాడట, పెడల్సు కూడా మార్పించాడట. ప్రతిదానికీ అతని దగ్గర జవాబుంది. అబద్ధమాడటం చేతకాని మనిషి ఆ జవాబులన్నీ ఎన్నాళ్ళు కూర్చుకున్నాడో.

ఆ సైకిలు మామూలు వాటికంటే బాగా బరువు. ఫారిన్ ఇనుము అలాగే ఉంటుందని నేనే అందరికీ చెప్పాను. గట్లు దూకాను, మెట్లు దిగాను, ఒకసారి కాలవలో పడి పళ్ళూడగొట్టుకున్నంత పని చేశాను. సైకిలుకి ఏమీ కాలేదు. ఆఫీసర్ల సెక్టారు కుర్రాడి సైకిలు రెండో ఏడాదికి హ్యాండిలు దగ్గర చీలింది. నాది చీలలేదు.

ఒక సాయంత్రం షిఫ్టు దిగి వెళ్తూ బావ మా గ్రౌండు దగ్గర ఆగాడు. నెత్తి మీద హెల్మెట్, చిల్లుల చొక్కా. సైకిలు ఎలా నడుస్తోందో చూద్దామని వచ్చాడు. నా స్నేహితుడొకడు వెల్డింగు అతుకుల్ని వేలితో తడుముతూ, “మీ బావ కూడా వెల్డరే కదా, ఇలాంటిది ఆయన చెయ్యలేడా?” అన్నాడు. నేను పగలబడి నవ్వాను.

“మా బావ పైపులూ గేట్లూ అతుకుతాడు. ఇది ఫారిన్‌ది రా. ఈ వెల్డింగు చూడు, చేప పొలుసు పేర్చినట్టు ఎలా ఉందో. మనవాళ్ళకి ఇది వస్తుందా?” అన్నాను, అతని ఎదురుగానే.

వాడు బావ వైపు చూశాడు. బావ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, “అవును బాబూ, మనకాడ ఇలాటియి ఎవులు సేత్తారు,” అన్నాడు. ముందుకి వంగి గొలుసు బిగువు చూసి, టైర్లలో గాలి నొక్కి చూసి, కూర్మన్నపాలెం వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

కాలేజీకి వెళ్ళాక సైకిలు అటకెక్కింది. రెండువేల సంవత్సరం దాటాక నాన్న రిటైరై క్వార్టరు ఖాళీ చేసి, అక్కావాళ్ళ దగ్గర్లోనే ఇల్లు కట్టుకున్నాం. నేను వన్ టౌన్లో పోర్టు సరుకుల కాగితాలు చూసే ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఇల్లు మారినప్పుడు సైకిలు కిందకి దిగింది. తుప్పు, బూజు, ఊడిపోయిన రంగు. చూడగానే దీన్ని బాగుచేసి, ఏ కంపెనీదో తేల్చాలనిపించింది. ఇంటర్నెట్ సెంటర్లో వెతికితే పాత బీఎమ్మెక్స్‌ల పిచ్చివాళ్ళు ప్రపంచమంతా ఉన్నారని తెలిసింది. అమెరికాలో అలాంటి పాత సైకిలుకి రాజభోగం జరుగుతుందని కూడా తెలిసింది. గుమాస్తాగిరీలో నన్నెవరూ పట్టించుకునేవారు కాదు. ఈ సైకిలుతో పట్టించుకుంటారనుకున్నాను.

ఆదివారాలు అక్క ఇంటి వెనక పెరట్లో పనికి కూర్చునేవాణ్ణి. మా కొత్తింట్లో సిమెంటు నేల పాడవుతుందని అమ్మ ఒప్పుకోలేదు. గొలుసుని కిరసనాయిల్లో నానబెట్టాను. సీటు కింద గొట్టం తుప్పుకి బిగుసుకుపోతే బావే నూనె పోసి, సుత్తితో చుట్టూ నెమ్మదిగా కొట్టి ఊడదీశాడు. అప్పటికి అతను వెల్డింగు మానేశాడు. కళ్ళు బాగా మందగించాయి. కాంట్రాక్టరు అతన్ని స్టోర్సులో సామాను ఇచ్చిపుచ్చుకునే పనిలో పెట్టాడు. నేను ఎమరీ కాగితంతో ఎర్ర రంగు గీకుతుంటే అతను పీట మీద కూర్చుని, గీకిన చోటల్లా బొటనవేలితో తడిమేవాడు. కనిపించక తడుముతున్నాడనుకున్నాను.

ఎర్ర రంగు కింద, పెడల్సు తిరిగే గుండ్రటి గొట్టం అడుగున, ఇంగ్లీషు డబ్ల్యూ, దాని పక్కన నలభై ఆరు, ఇనుములోకి అక్షరాలు దిగేలా పంచి ఉలితో కొట్టిన గుర్తు బయటపడింది. కంపెనీ నంబరు దొరికిందనుకున్నాను. అప్పుడు బావ టీ తేవడానికి లోపలికెళ్ళాడు. తిరిగొచ్చాక అతనికి చెప్పలేదు. అతనికేం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఆఫీసులో ఒకాయన కెమెరా అడిగి తెచ్చి ఫోటోలు తీసి ఇంటర్నెట్లో పెట్టాను. తలో మాటా చెప్పారు. ఎక్కడో చలిదేశంలో ఉండే ఒక పెద్దాయన మాత్రం చాలా ఓపిగ్గా రాశాడు. ఇది ఫ్యాక్టరీ పని కాదు, ఒక్కరి చేతి పని, పైపు సైకిలుకి వాడేది కాదు, మీ ఊళ్ళో ఓడలు కట్టేచోటో పెద్ద కర్మాగారమో ఉంటే అక్కడ అడగండి అన్నాడు. నాకు ఒళ్ళుమండింది. మావూళ్ళో చేసిందంటాడేమిటి వీడు అని అతనికి జవాబే ఇవ్వలేదు. ఎప్పుడో మూతపడ్డ ఒక అమెరికా కంపెనీ సైకిలు ఫోటో దొరికింది. హ్యాండిలు వంపు కాస్త అలాగే ఉంది. అదే ఇది అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ప్రతి ఆదివారం ఈ పరిశోధనంతా బావకి వినిపించేవాణ్ణి. అమెరికావాళ్ళ పనితనం అది బావా, చూడు, ఒక్కచోట హెచ్చుతగ్గు లేదు, చెయ్యి ఒణక్కుండా ఎలా లాగాడో చూడు అనేవాణ్ణి. అతను వినేవాడు. “ఇంకోపాలి సెప్పు, ఆ అతుకు గురించి ఏటన్నాడు?” అని అడిగేవాడు. చెవులు కూడా మందగించాయేమో అనుకుని గొంతు పెంచి మళ్ళీ చెప్పేవాణ్ణి.

హైదరాబాదులో పాత సైకిళ్ళు పోగేసే ఒకాయన నా ఫోటోలు చూసి, వైజాగు వచ్చినప్పుడు చూస్తానన్నాడు. కానీ ఆ కంపెనీవాళ్ళు గొట్టం అడుగున నంబరు కొట్టరు, ఇదేదో అనుమానంగా ఉంది అని కూడా అన్నాడు. ఏం చెయ్యాలో నాకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. అప్పటికే రేడియం షాపులో ఆ అమెరికా కంపెనీ పేరుతో స్టిక్కర్లు కత్తిరించమని చెప్పి ఉన్నాను.

గాజువాకలో గేట్లు చేసే షాపుకి తీసుకెళ్ళి, ఈ నంబరు గ్రైండింగు పట్టి నున్నగా తీసెయ్యమన్నాను. ఆ పనివాడు బోర్లాపెట్టి చూసి, గ్రైండరు ఆపేశాడు.

“ఇది ఎల్డరు పంచి కదండీ సార్. ప్లాంటు పైపుల మీద కొడతారు. ఎవులు ఎల్డింగు సేసినారో తెలవాలని. దీన్ని తీయించేత్తారేటి?” అన్నాడు.

ఇప్పుడు చెప్పబోయేదే నేను ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి. ఆ మాట వినగానే నాకు తెలిసింది. పూర్తిగా కాదు, కానీ వాచిన ఆ కళ్ళూ, బంగాళాదుంప ముక్కలూ, తడిమే బొటనవేలూ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అక్కడ ఆగి, సైకిలు తీసుకుని, అక్క ఇంటికి పోయి ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. జేబులో స్టిక్కర్ల రసీదు ఉంది. హైదరాబాదాయన వచ్చే వారం వస్తున్నాడు. “ఫారిన్‌లో కూడా కొడతారేమోలే, కానియ్,” అన్నాను. వాడు భుజాలెగరేసి గ్రైండరు పెట్టాడు. నిప్పురవ్వలు లేచాయి. ఎక్కువసేపు పట్టలేదు.

రంగు వేయించి, స్టిక్కర్లు అంటించి, తర్వాతి ఆదివారం సైకిలుని అక్క ఇంటికి తోసుకెళ్ళాను. తళతళలాడుతోంది. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి బాగుందిరా అంది. బావ దగ్గరికొచ్చి స్టిక్కరు మీద చెయ్యి వేసి, అవి అక్షరాలని గుర్తుపట్టి, చదవమన్నాడు. చదివాను. “మంచి పేరే,” అన్నాడు. తర్వాత హ్యాండిలు దగ్గర మొదలుపెట్టి ఒక్కో అతుకూ బొటనవేలితో తడుముకుంటూ కిందకి దిగాడు. పెడల్సు గొట్టం అడుక్కి చెయ్యి పోనిచ్చాడు. అక్కడ వేలు అటూ ఇటూ రెండుమూడుసార్లు తిరిగింది.

“నంబరు ఏటైపోనాది బావా?” అన్నాడు.

నేను అతనికి నంబరు సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

“ఏ నంబరు?” అన్నాను. అప్పుడు కూడా.

“డబ్ల్యూ నలపై ఆరు. ఇక్కడే ఉండాల.”

అక్క నా ముఖం చూసింది. లోపలికెళ్ళి, దేవుడి గూటి కింద ఉండే రేకు డబ్బా తెచ్చి నా ముందు మూత తీసింది. ప్రతి దసరాకీ అక్క బావ పనిముట్లు పూజలో పెడుతుంది. నల్ల అద్దం, చిన్న సుత్తి, మూడు పంచులు. ఒకదాని కొసన డబ్ల్యూ, ఒకదానికి నాలుగు, ఒకదానికి ఆరు. వాటి మీద పసుపూ కుంకుమా ఎండి అట్టకట్టి ఉన్నాయి.

“ప్రతి దసరాకీ వీటికి బొట్టు పెట్టేది నువ్వే కదరా,” అంది అక్క.

నిజమే. తమ్ముడి చెయ్యి మంచిదని నా చేతే పెట్టించేది. ఏనాడూ బొట్టు పెడుతున్నది దేనికో చూడలేదు. పులిహోర ఎప్పుడు పెడతారా అని చూసేవాణ్ణి. ఆ మూడు నెలలూ ఆదివారాలు అతను తెలిసినవాళ్ళ గేట్ల షాపులో ఈ సైకిలు చేశాడనీ, మేస్త్రీని అడిగి పనికిరాని పైపు ముక్కలు తెచ్చుకున్నాడనీ, నా దగ్గర నోరు విప్పొద్దని తన చేత ఒట్టేయించుకున్నాడనీ అక్క చెప్పింది. చెబుతున్నంతసేపూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

“చిన్నప్పుడంటే సరే. ఈ ఏడాదంతా ఎందుకు చెప్పలేదు బావా?” అన్నాను. గొంతులో కోపం నటించాను. సిగ్గుని దాచడానికి నాకు అదొక్కటే వచ్చు.

బావ పీట మీద కూర్చున్నాడు. “నువ్వు పెతీ ఆదోరం వచ్చి ఆ ఎల్డింగు బాగుంది, ఆ సెయ్యి బాగుంది అంటన్నావు గదా. నాను సేసినానని సెప్పేత్తే మరి అలగ అనవు గదా బావా. ఇందామని ఊరుకున్నాను,” అన్నాడు.

సైకిలు దగ్గర కూర్చుని స్టిక్కర్లు గోళ్ళతో పీకాను. కొత్త రంగు కూడా వాటితో లేచొచ్చింది. లేచి డబ్బాలోంచి పంచులు తీసి అతని ముందు పెట్టాను. మళ్ళీ కొట్టు బావా, అదే చోట కొట్టు, నేను సరిగ్గా పట్టుకుంటాను అన్నాను.

అతను పంచులు చేతిలోకి తీసుకుని, కాసేపు తిప్పి, మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

“ఎల్డింగు సేసిన రోజే కొట్టాల బావా. తరవాత కొట్టకూడదు. నా సెయ్యి ఇప్పుడది కాదు,” అన్నాడు. “అది గొప్పకి కొట్టేది కాదు. ఆ అతుకు ఇరిగితే ఎవుడ్ని అడగాలో తెలాలని కొడతారు. గట్లు దూకుతావు గదా, ఇరిగి పడిపోతే మీ నాన్న ఎవుడ్ని అడుగుతారు? నన్నే అడగాలని కొట్టినాను.”

హైదరాబాదాయన వచ్చినప్పుడు సైకిలు చూపించలేదు, అమ్మేశానని చెప్పాను. అది కూడా అబద్ధమే. నిజం చెప్పి ఉంటే బావ పేరు ఒక్కరైనా వినేవారు. సైకిలు ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. గ్రైండింగు పట్టిన చోట రంగు నిలవదు, ఏటా కాస్త తుప్పు లేస్తుంది, తుడుస్తుంటాను. మిగతా అతుకులన్నీ అతను పెట్టినట్టే ఉన్నాయి. అంత ఎత్తు గట్లు దూకినా ఒక్కటీ విరగలేదు. విరగలేదు కాబట్టి, ఎవరు చేశారని మేమెవ్వరం అతన్ని అడగలేదు.